నెమ్ము లేని ఇల్లు

చీరాలలో ఇళ్ల బేరాలు ఊపందుకున్న రోజుల్లో షాజాదీకి ఒక పని దొరికింది. అమ్మకానికి పెట్టిన ఇంట్లో, అది అమ్ముడుపోయేదాకా కాపురం ఉండడమే ఆ పని.

ఆ పని కనిపెట్టింది కోటేష్. అంతకుముందు అతను నేతగాళ్లకు నూలు తెచ్చి ఇచ్చేవాడు. రెండువేల నాలుగు నాటికి గుంటూరు నుంచీ హైదరాబాదు నుంచీ జనం శని, ఆదివారాలు వాడరేవుకు రావడం ఎక్కువైంది. సముద్రంలో మునిగి, చేపల వేపుడు తిని తిరిగి వెళ్లేటప్పుడు కొందరు చీరాల వీధుల్లో పాత పెంకుటిళ్లు చూసి, మనకీ ఇక్కడ ఒకటుంటే బాగుండుననుకునేవారు. కోటేష్ నూలు వదిలేసి ఇళ్ల బేరాల్లోకి దిగాడు. దిగాక అతనికి ఒక సంగతి తెలిసివచ్చింది. తాళం వేసిన ఇల్లు ఎంత మంచిదైనా, తలుపు తీయగానే గబ్బిలాల కంపు కొడుతుంది. చూడ్డానికి వచ్చినవాళ్లు ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకుని గుమ్మంలోంచే వెనక్కి తిరుగుతారు. అదే ఇంట్లో ఊడ్చి, తుడిచి, పొయ్యి వెలిగించే మనిషి ఉంటే ఇల్లు వేరేగా కనబడుతుంది.

షాజాదీ అప్పట్లో కోటేష్ అమ్మిపెట్టిన ఒక ఇంట్లో వెనక గదిలో అద్దెకుండేది. వేటపాలెంలో జీడిపప్పు ఫ్యాక్టరీకి వెళ్లి గింజలు కొట్టేది. భర్త లారీ డ్రైవరు. చిలకలూరిపేటలో ఇంకో సంసారం పెట్టుకుని ఇటు రావడం మానేశాడు. ఒక్కతే కూతురు జమీలా. ఆ ఇల్లు కొన్నవాళ్లు షాజాదీ ఉన్న గదిని చూసి, ఇల్లంతా ఇలా ఉంటే ఎంత బాగుండునని అన్నారు. ఆ మాట కోటేష్ చెవిన పడింది. మర్నాడే వచ్చి, ఇంకో ఇంట్లో ఉంటావా, అద్దె అక్కర్లేదు, నెలకు ఎంతో కొంత నేనే ఇస్తానని అడిగాడు. జీడి రసానికి పొక్కి తోలు లేచిపోయిన వేళ్లు చూసుకుని షాజాదీ సరేనంది.

మొదటి ఇల్లు వానలు పడకముందే అమ్ముడుపోయింది. రెండోది పండగలు వెళ్లగానే పోయింది. మూడో ఇంట్లో అయితే తెచ్చుకున్న మూటలు పూర్తిగా విప్పనేలేదు. ఎవరైనా ఇల్లు చూడ్డానికి వస్తున్నారని కబురొస్తే, తల్లీకూతుళ్ల సామానంతా కళ్లబడకుండా దాచేయాలి. చాప చుట్టి, గిన్నెలు బోర్లించి, తాడు మీది బట్టలు తీసేయాలి. జమీలా పక్కింటి అరుగు మీదికి వెళ్లి కూర్చోవాలి. వాకిట్లో ముగ్గు లేకపోతే ఏదో వెలితిగా అనిపిస్తుందని కోటేష్ అంటే, షాజాదీ ముగ్గేయడం కూడా నేర్చుకుంది. వచ్చినవాళ్లు గదులన్నీ తిరిగి, "ఎంత బాగుంచావమ్మా" అని ఆమెను మెచ్చుకుని వెళ్లేవారు. మెచ్చుకున్నవాళ్లే కొనేవారు. వాళ్లు కొనగానే తల్లీకూతుళ్లు మూటలు కట్టుకోవాల్సిందే.

ఇల్లు ఎంత శ్రద్ధగా చూసుకుంటే అంత తొందరగా పోయేది. శ్రద్ధ తగ్గిస్తే కోటేష్ ఇంకో మనిషిని పెట్టుకుంటాడు. ఎటూ తప్పించుకునే దారి లేదు. తెల్లవారి లేచి చీపురు పట్టుకున్నప్పుడల్లా, తన చేత్తో తనే తన సామాను వీధిలోకి ఊడ్చుకుంటున్నట్టు షాజాదీకి అనిపించేది. అయినా ఊడ్చేది. మురికి చూస్తూ ఊరుకోవడం ఆమెకు చేతకాదు.

నాలుగో ఇల్లు పేరాలలో దొరికింది. ఎత్తైన అరుగు, అరుగు మీద నాలుగు టేకు స్తంభాలు, లోపల చిన్న మండువా, పెరట్లో బావి, సపోటా చెట్టు. మధ్యాహ్నం దాటిందంటే సముద్రపు గాలి పెరటి తలుపులోంచి వచ్చి వీధి తలుపులోంచి పోయేది. ఇల్లు గుంటూరులో ఉండే మాధురిది. పిల్లల్లేని మేనత్త పోతూ పోతూ ఆమె పేర రాసింది. మాధురి చెప్పిన ధర ఎక్కువని మొదట్లో ఎవరూ అటు తొంగిచూడలేదు. దానివల్ల తల్లీకూతుళ్లకు ఒక వేసవి, ఒక వానాకాలం, మళ్లీ ఒక వేసవి ఆ ఇంట్లోనే గడిచాయి.

జమీలా ఎనిమిదో తరగతికి వచ్చింది. బడి నడిచివెళ్లే దూరం. పక్కింటి శ్రీరమ్య అదే తరగతి. ఇద్దరూ కలిసి వెళ్లేవారు, కలిసి వచ్చేవారు. సాయంత్రాలు శ్రీరమ్య వాళ్ల అరుగు మీద కూర్చుని లెక్కలు చేసేవారు. అంతకుముందు ఉన్న చోట్ల జమీలా ఎవరితోనూ స్నేహం చేయలేదు. ఎలాగూ వెళ్లిపోతాం కదా అనేది. ఇప్పుడు తొమ్మిదో తరగతిలో తామిద్దరూ ఏ బెంచీ మీద కూర్చోవాలో కూడా మాట్లాడుకుంటోంది. ఆ మాటలు వంటగదిలోంచి విన్నప్పుడు షాజాదీకి సంతోషం వేసేది, వెంటనే భయం వేసేది.

ధర కొంచెం తగ్గించడానికి మాధురి ఒప్పుకుందని కోటేష్ చెప్పిన వారానికే నరసరావుపేట నుంచి మందుల షాపు ఆయన భార్యతో వచ్చాడు. ఆవిడ బావిలోకి వంగి చూసి, నీళ్లు ఎలా ఉంటాయని షాజాదీని అడిగింది. తియ్యగా ఉంటాయని చెప్పబోయింది షాజాదీ. నోట్లోంచి మాత్రం, ఎండాకాలం ఉప్పగిల్లుతాయండీ అని వచ్చింది. వాళ్లు మళ్లీ రాలేదు. అంత తేలిగ్గా పనవుతుందని షాజాదీ అనుకోలేదు. తర్వాత హైదరాబాదు నుంచి ఒక కుర్ర జంట వచ్చారు. పెరట్లో పాములు తిరుగుతాయని చెప్పింది. వాళ్లూ రాలేదు. కోటేష్ తల గోక్కున్నాడు. ఈ ఇంటికి ఏం రోగమో అర్థం కావడం లేదన్నాడు.

మూడోసారి వచ్చినవాళ్లు జోసఫ్, ఎలీసమ్మ. ఇద్దరూ గుంటూరు వాళ్లే. జోసఫ్ మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాగా పనిచేశాడు. ఎన్నో ఏళ్లు ఆ ఘాటులో కూర్చుని రాసి రాసి ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఎలీసమ్మ టీచరుగా రిటైరైంది. సముద్రం గాలి తగిలే చోట ఉంచమని డాక్టరు చెబితే, భర్తకోసం చీరాలలో ఇల్లు వెతుకుతోంది. ఇవన్నీ అరుగు మీద కూర్చుని ఆవిడే చెప్పింది. ఇంతలో కోటేష్‌కు ఫోనొస్తే మాట్లాడుకుంటూ వీధి చివరి దాకా వెళ్లాడు.

జోసఫ్ స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. వీధిలోంచి అరుగెక్కడానికే రొప్పిన మనిషి, గాలి తిరిగాక నెమ్మదిగా కళ్లు మూసుకున్నాడు. అతని ఛాతీ నిండుగా లేచి, నిండుగా దిగింది. ఎలీసమ్మ మాట్లాడడం ఆపి భర్త ఛాతీనే చూస్తూ ఉండిపోయింది. తర్వాత షాజాదీ వైపు తిరిగింది.

"నువ్వు ఇక్కడే ఉంటున్నావుగా అమ్మాయ్. బేరం కుదిర్చేవాళ్ల మాటలు నాకొద్దు. నువ్వు చెప్పు. వానాకాలం ఈ ఇల్లు ఎలా ఉంటుంది?"

షాజాదీకి పక్కింటి అరుగు మీద కూర్చున్న జమీలా జడ కనిపిస్తోంది. బావి, పాములు లాంటి మాటలు ఈవిడ దగ్గర పనిచేయవని తెలిసిపోయింది. వీళ్లు ఉప్పునీళ్లు తాగైనా ఇక్కడ ఉంటారు.

"గోడలు నెమ్మెక్కుతాయి టీచరమ్మగారూ," అంది. "వానలు పడితే గదుల్లో బూజు వాసన. ఆయాసం ఉన్నవాళ్లకి మంచిది కాదు."

ఎలీసమ్మ మొహంలో కళ తప్పింది. అయినా లేచి వచ్చి షాజాదీ చెయ్యి పట్టుకుంది. దేవుడే నీ చేత చెప్పించాడమ్మా అంది. భర్తను లేవదీసి మెల్లగా మెట్లు దించింది. జోసఫ్ వీధిలోకి దిగి ఒకసారి వెనక్కి తిరిగి అరుగు వైపు చూశాడు. ఆ రోజు షాజాదీ అన్నం తినలేదు. కడుపులో బాగాలేదని కూతురితో చెప్పింది.

ఇంటికి నెమ్ముందన్న మాట ఊళ్లో పాకింది. ఇళ్లు వెతికేవాళ్లు ఒకరినొకరు అడుగుతారు. పేరాల ఇల్లా, అది వద్దులెండి అనడం మొదలైంది. రెండు నెలలు ఒక్కరూ రాలేదు. షాజాదీ కోరుకున్నది అదే. ఇంకో ఏడాది ఇలా గడిస్తే జమీలాకు ఎనిమిదో తరగతి పూర్తవుతుంది, ఆపైన చూసుకోవచ్చు అనుకుంది.

సెప్టెంబరులో ఒక రోజు పొద్దున మాధురి గుంటూరు నుంచి కారులో వచ్చింది. వెంట కోటేష్ ఉన్నాడు. ఆవిడ ప్రతి గదిలోకీ వెళ్లి కాసేపు నిలబడింది. చిన్నప్పుడు వేసవి సెలవులు ఇక్కడే గడిపేదాన్నని, మండువాలో వాన పడుతుంటే అత్తయ్య తిట్టేదాకా తడిసేదాన్నని చెప్పింది. అత్తయ్య ఉన్నప్పుడు కూడా ఇల్లు ఇంత శుభ్రంగా లేదని షాజాదీని మెచ్చుకుంది. అప్పుడు అసలు సంగతి బయటపెట్టింది. వీరబాబు అనే ఆయన అడుగుతున్నాడు. ఇల్లు అక్కర్లేదు, స్థలం చాలు. పడగొట్టి, వాడరేవుకు వచ్చేవాళ్ల కోసం లాడ్జి కడతాడు. భర్త ఇచ్చేయమని పోరుతున్నాడు. నెమ్మున్న ఇంటిని ఎవరు కొంటారని అంటున్నాడు.

"నాకు తెలిసి ఈ గోడలకి నెమ్ము లేదు షాజాదీ," అంది మాధురి. "కానీ నేను వానాకాలంలో ఎప్పుడూ ఇక్కడ ఉండలేదు. నువ్వు రెండు వానాకాలాలు చూశావు. ఉందా?"

కోటేష్ కూడా ఆమె వైపే చూస్తున్నాడు. లేదని చెబితే, మరి టీచరమ్మకు ఎందుకలా చెప్పావని ఇక్కడే అడుగుతాడు. ఉందంటే ఈ ఇల్లు ఉండదు. తను వేసుకున్న గడియ తనకే తీయరావడం లేదు. షాజాదీ చూపు నేల మీదికి దించుకుని, కొంచెం ఉందండీ అంది. మాధురి పెరట్లోకి వెళ్లి సపోటా చెట్టు దగ్గర నిలబడింది. తిరిగి వెళ్లేటప్పుడు షాజాదీ చేతిలో కొంత డబ్బు పెట్టబోతే, షాజాదీ పుచ్చుకోలేదు.

వారం తిరగకుండా వీరబాబు మనుషులు టేపులు పట్టుకుని వచ్చారు. స్థలం కొలిచారు. ఇంకొకడు పాత కలప కొనే వ్యాపారి. స్తంభాలను అరచేత్తో తట్టి, తలుపుల మందం చూసి, పనికొచ్చేవాటి మీద సుద్దతో గుర్తులు పెట్టాడు. సాయంత్రం బడి నుంచి వచ్చిన జమీలా ఆ గుర్తులు చూసింది. ఇవేంటని అడిగితే షాజాదీ చెప్పింది. ఈసారి ఇల్లు వదిలి వెళ్లడమే కాదు, ఇల్లే ఉండదని. జమీలా వీధి గదిలోకి వెళ్లి గోడకు చెంప ఆనించి నిలబడింది. తర్వాత తల్లి దగ్గరికి వచ్చింది.

"శ్రీరమ్య వాళ్లమ్మ అంటోంది, నెమ్ముందని నువ్వే అందరికీ చెప్పావంట. ఎక్కడుంది అమ్మీ నెమ్ము?"

షాజాదీ పొయ్యిలో మంట సరిచేస్తున్నట్టు వంగింది. జమీలా పుస్తకాలు తీసుకుని పక్కింటికి వెళ్లిపోయింది.

అక్టోబరులో షాజాదీ రైల్వే గేటు దగ్గర కూరగాయలు కొంటుండగా వెనక నుంచి ఎవరో పిలిచారు. చూస్తే ఎలీసమ్మ. చేతిలో మందుల సంచి ఉంది. మంచి ఇల్లు దొరికేదాకా ఉందామని ఇక్కడే మేడ మీద ఒక వాటా అద్దెకు తీసుకున్నామని చెప్పింది. కింద రోడ్డు. లారీలు, ఆటోలు పగలంతా పొగ కక్కుతూ ఉంటాయి. కిటికీ తీస్తే దుమ్ము, మూస్తే ఉక్క. మెట్లు దిగలేక జోసఫ్ నెలరోజులుగా గదిలోనే ఉండిపోయాడు. "మీ అరుగు మీద కూర్చున్న రోజే ఆయనకి ఆఖరిసారి నిండుగా ఊపిరి ఆడిందమ్మా," అంది ఆవిడ. ఇంకా ఆ ఇంటినే తలుచుకుంటాడని, ఏం చేస్తాం, మనకు రాసిపెట్టి లేదని అనుకుంటున్నామని నవ్వింది. నువ్వు ముందే చెప్పి మంచిపని చేశావని మళ్లీ అంది.

షాజాదీ కూరగాయల సంచి పట్టుకుని ఇంటికి వచ్చింది. వంకాయలు కోసింది. కూర పొయ్యి మీద పెట్టింది. అది ఉడకకముందే దింపేసి, తలుపుకు తాళం వేసి మళ్లీ రైల్వే గేటు దాకా నడిచింది.

జోసఫ్ మంచం మీద మూడు దిండ్లు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఎలీసమ్మ కుర్చీ వేసింది. షాజాదీ కూర్చోలేదు. గుమ్మం పక్కన నిలబడే చెప్పింది. ఆ ఇంటికి నెమ్ము లేదు. రెండు వానాకాలాల్లోనూ గోడ మీద మచ్చ కూడా చూడలేదు. బావినీళ్లు తియ్యగా ఉంటాయి. పాములు లేవు. మీరు కొంటే మేము వెళ్లిపోవాలి, అందుకే అలా చెప్పాను. ఇప్పుడు ఇల్లు పడగొట్టేస్తున్నారు.

కింద ఒక లారీ ఆగి హారన్ కొడుతోంది. ఎలీసమ్మ చేతిలో మంచినీళ్ల గ్లాసు షాజాదీకి ఇవ్వడానికి తెచ్చింది. ఇవ్వకుండా బల్ల మీద పెట్టేసింది.

"నీకు ఉండడానికి చోటు లేదని చెప్పినా వినేదాన్ని," అంది చివరికి. "నీకు తోచిన అబద్ధం ఏదో ఇంటి మీద చెప్పుకోవాల్సింది. నువ్వు ఆయన ఊపిరి మీద చెప్పావు."

జోసఫ్ ఆయాసం ఆపుకుంటూ, మాటకీ మాటకీ మధ్య ఆగుతూ అడిగాడు. అప్పుడు ఉందన్నావు. ఇప్పుడు లేదంటున్నావు. ఏది నమ్మమంటావు? కోపంగా అడగలేదు. నిజంగా తెలియక అడిగాడు. షాజాదీ తలెత్తి చూసింది. ఎవరి ఎదుటా తన మాటకు విలువ లేదని అప్పుడు ఆమెకు అర్థమైంది. నిజం చెప్పినా అదింకో మాటగానే ఉంటుంది.

"నా మాట నమ్మొద్దండి. ముసురు పట్టిన రోజు వచ్చి మీరే గోడలు చూసుకోండి," అంది.

ఆ నెలాఖరున వాయుగుండం పట్టింది. మూడు రోజులు ఎడతెరిపి లేకుండా వాన. వాడరేవులో పడవలన్నీ ఒడ్డెక్కాయి. మూడో రోజు మధ్యాహ్నం ఒక ఆటో పేరాల ఇంటి ముందు ఆగింది. ఆటో డ్రైవరూ షాజాదీ చెరో పక్క పట్టుకుని జోసఫ్‌ను అరుగు ఎక్కించారు. అతను కూర్చోలేదు. ఎలీసమ్మ భుజం పట్టుకుని వీధి గదిలోకి వెళ్లి గోడకు అరచెయ్యి ఆనించాడు. పడమటి గదికి వెళ్లాడు. వంటింట్లో పొయ్యి వెనక గోడను తడిమాడు. అటక కింద మూల దగ్గర వంగి వాసన చూశాడు. మండువాలో వాన ధారలు కట్టి పడుతోంది. చుట్టూ నేల పొడిగా ఉంది. జోసఫ్ అరచెయ్యి తిప్పి చూసుకుని భార్యకు చూపించాడు. దాని మీద సున్నపు పొడి తప్ప తడి లేదు.

ఎలీసమ్మ అప్పటికప్పుడు గుంటూరుకు ఫోన్ చేయించింది. మాధురితో తనే మాట్లాడింది. షాజాదీ గురించి ఏం చెప్పిందో షాజాదీకి వినబడలేదు. వీరబాబుతో నోటిమాటే తప్ప ఇంకా ఏమీ రాసుకోలేదు. ఇంట్లో మనుషులు ఉంటారంటే వీరబాబు ఇస్తానన్నదాంట్లో కొంచెం తక్కువైనా ఫరవాలేదని మాధురి అంది. ఆవిడ భర్త రెండు రోజులు గొడవపడి ఊరుకున్నాడు. నవంబరులో బేరం కుదిరింది.

కోటేష్‌కు కూడా షాజాదీయే చెప్పింది. అతను నూలు అమ్మే రోజుల్లోలాగా గుమ్మం ముందు గొంతుక్కూర్చుని అంతా విన్నాడు. వీరబాబు అతనితో ఇక ఏ బేరమూ చేయనని కబురు పెట్టాడు. అతనికి అది పెద్ద దెబ్బే. అయినా అరవలేదు. "నిన్నని ఏం లాభం," అన్నాడు. "అమ్మే ఇంట్లో మనిషిని పెట్టి, ఆ మనిషి ఇంటికి అలవాటు పడకూడదనుకున్నాను. నాదే బుద్ధి తక్కువ." లేచి పంచె దులుపుకున్నాడు. తన చేతిలో ఉన్న ఏ ఇంటి గుమ్మమూ ఇక ఎక్కవద్దని చెప్పి వెళ్లిపోయాడు.

జమీలా మాత్రం ఒక ఆశ పెట్టుకుంది. టీచరమ్మగారు వంటకు మనిషి కావాలంటున్నారని శ్రీరమ్య వాళ్లమ్మతో ఎవరో అన్నారట. పెరటి వైపు గది ఖాళీగానే ఉంటుంది కదా అమ్మీ, అడుగు అని వెంటపడింది. అడగడానికి షాజాదీకి మొహం చెల్లలేదు. కూతురు అన్నం ముట్టకపోతే, రైల్వే గేటు దగ్గరి మేడకు వెళ్లి అడిగింది. ఎలీసమ్మ సామాను సర్దిస్తూ ఆగిపోయింది. జోసఫ్ మంచం మీద నుంచి, ఉండనీయవే, పాపం అన్నాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"నీ మీద కోపం లేదమ్మాయ్. రోజూ ప్రార్థనలో నిన్నూ తలుచుకుంటాను. కానీ నువ్వు ఇంట్లో తిరుగుతుంటే, ఆయన దగ్గినప్పుడల్లా నాకు నీ మొహమే కనబడుతుంది. అది నేను భరించలేను. నన్ను క్షమించు."

షాజాదీ సరేనండీ అంది. ఆవిడ స్థానంలో తనున్నా అదే చెప్పేదాన్నని అనిపించింది. ఇంటికి వచ్చి పెరట్లో తాడు మీది బట్టలు తీసింది. జమీలా ఆ రోజు నుంచి తల్లితో మాట్లాడడం మానేసింది. నిజం చెప్పినందుకు కోపమా, అబద్ధం చెప్పినందుకు కోపమా అని షాజాదీ అడగలేదు. రెండింటికీ అయి ఉంటుంది.

ఇల్లు అప్పగించే ముందు రోజు షాజాదీ మళ్లీ ఒకసారి అన్ని గదులూ కడిగింది. సుద్ద గుర్తులు స్తంభాల మీద నుంచి తడిగుడ్డతో తుడిచింది. కొన్ని పోయాయి, కొన్ని పోలేదు. టేకు నరాల్లోకి దిగిన సుద్ద తెల్లగా అలాగే ఉండిపోయింది.

వేటపాలెంలో వాళ్లకు దొరికింది ఒకే ఒక గది. పైన రేకులు. కిటికీ తీస్తే ఎదురుగా వేరేవాళ్ల గోడ. గాలి రాదు. ఇంటి యజమాని సర్దార్‌బీ, షాజాదీ ఒకప్పుడు పనిచేసిన ఫ్యాక్టరీలో చాలా ఏళ్లు గింజలు కొట్టిన మనిషి. ఇప్పుడు మోకాళ్లు పట్టేసి ఇంటిపట్టునే ఉంటోంది. షాజాదీ ఫ్యాక్టరీకి వెళ్లి మేస్త్రీని అడిగితే, సోమవారం నుంచి రమ్మన్నాడు. మొదటి రోజే జీడి రసం తగిలి చూపుడువేలు పొక్కింది. ఇన్నాళ్లకు మెత్తబడిన చర్మం. బూడిద రాసుకుని మళ్లీ కూర్చుంది. కాల్చిన గింజల పొగకు కళ్లు మండుతున్నాయి. చుట్టూ ఆడవాళ్లు తలలు వంచుకుని టకటకా కొడుతున్నారు. ఈ పొగలోంచి ఒకసారి బయటపడ్డాననుకున్నది గుర్తొచ్చి, చేతిలో గింజ సరిగ్గా పగలక పప్పు రెండు ముక్కలైంది. మేస్త్రీ చూసి కసురుకున్నాడు.

సాయంత్రం గదికి వచ్చేసరికి సర్దార్‌బీ గుమ్మం దగ్గర పీట వేసుకుని కూర్చుని ఉంది. జమీలా లోపల గోడ వైపు తిరిగి చదువుకుంటోంది. సర్దార్‌బీ రేకుల మీద కొత్తగా తాటాకు కప్పిద్దామా, ఎండాకాలం వేడి తగ్గుతుంది అని అడిగింది. కానీ ఊరికే ఖర్చు పెట్టలేను, మీరు ఎన్నాళ్లు ఉంటారో చెబితే దాన్ని బట్టి చూస్తానంది.

షాజాదీకి వెంటనే అర్థం కాలేదు. ఇన్నేళ్లలో ఆ మాట ఆమెను ఎవరూ అడగలేదు. ఎప్పుడు వెళ్లాలో చెప్పేవాళ్లే తప్ప, ఎన్నాళ్లు ఉంటావని అడిగినవాళ్లు లేరు. జవాబు చెప్పడమంటే ఏమిటో కూడా ఆమెకు తెలుసు. ఉంటానన్నన్నాళ్లూ రేపు పొద్దున మళ్లీ ఆ పొగలోకే వెళ్లాలి. ఎల్లుండీ వెళ్లాలి. పొక్కిన వేలును ఇంకో చేత్తో పట్టుకుని లోపలికి చూసింది. జమీలా పేజీ తిప్పడం మానేసి వింటోంది.

"పిల్ల పదో తరగతి పాసయ్యేదాకా ఉంటాం," అంది షాజాదీ.

"అయితే కప్పిస్తాను," అంది సర్దార్‌బీ. గోడ పట్టుకుని లేచి తన వాటాలోకి వెళ్లింది.

షాజాదీ కాళ్లు కడుక్కుని గదిలోకి వచ్చింది. లోపల ఉక్కగా ఉంది. కాసేపటికి జమీలా పుస్తకంలోంచి తల ఎత్తకుండానే, ఇక్కడి బడిలో పేరు రాయించడానికి రేపు రాగలవా అని అడిగింది. రేపు ఫ్యాక్టరీ ఉంది, ఒక పూట పోతే మేస్త్రీ ఒప్పుకోడు అనబోయి, షాజాదీ ఆగింది.

"పొద్దున్నే వెళ్దాం. తర్వాత నేను పనికి పోతాను," అంది.

జమీలా సరేనని పుస్తకం మూసింది. లేచి, తల్లి వేలికి రాయడానికి కొబ్బరినూనె సీసా వెతకసాగింది.